ఎత్తు ఎక్కితే ఖర్చు, పల్లం దిగితే జమ

హైదరాబాద్ పడమటి కొండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నగరం సగటు ఎత్తు సముద్రమట్టానికి 540 మీటర్లకు అటూ ఇటూ ఉంటే, బంజారాహిల్స్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు 672 మీటర్లని చెబుతారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పేనాటికి ఇక్కడ చాలా భాగం రాళ్లూ తుప్పలే. మద్రాసు నుంచి చిత్రపరిశ్రమ తరలివచ్చిన కొద్దీ ఆ రాళ్లను తొలిచారు, చదును చేయగలిగిన చోట చేశారు, వీలుకాని చోట కొండ వాలు ఎలా ఉంటే అలా రోడ్డు వేసుకుంటూ పోయారు. శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఏ దారిన వెళ్లినా ఎక్కడం, దిగడం, సిగ్నల్ దగ్గర ఆగడం, మళ్లీ ఎక్కడం తప్పదు. పెట్రోలు బండి నడిపేవారికి ఇది విసుగు పుట్టించే దారి. విద్యుత్ వాహనం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం నగరంలో ఇంతకన్నా మంచి దారి లేదు.

ఈ దారిలో కొద్దిసేపు నేను నడిపి చూసిన బండి మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ. 2024 నవంబర్‌లో ఆవిష్కరించిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఇది. పెద్ద బ్యాటరీ ఉన్న రకంలో 79 కిలోవాట్ అవర్లు నిల్వ ఉంటాయి, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 79 యూనిట్లు. మోటారు సామర్థ్యం 210 కిలోవాట్లు, టార్క్ 380 న్యూటన్ మీటర్లు, అది నడిపేది వెనుక చక్రాలను. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబర్ 31 దాకా ఆ మినహాయింపు ఉంటుందని ప్రకటించింది. కాలనీ వీధుల్లో ఆకుపచ్చ నంబర్ ప్లేట్లు ఒక్కసారిగా పెరగడానికి అదీ ఒక కారణం.

పక్క సీట్లో కూర్చున్న షోరూం కుర్రాడు కాలనీ దాటగానే, "సర్, రోడ్డు ఖాళీగా ఉంది, ఒక్కసారి గట్టిగా తొక్కి చూడండి" అన్నాడు. టెస్ట్ డ్రైవ్ అంటే అందరికీ అదే. తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది, నిజమే. పెట్రోలు ఇంజన్ తిరగనిదే బలం రాదు, అందుకే దానికి క్లచ్చీ గేర్లూ కావాలి. విద్యుత్ మోటారుకు నిలబడి ఉన్నప్పుడే పూర్తి టార్క్ ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ మూడు ఫేజుల కరెంటుగా మారుస్తుంది. స్టేటర్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రం రోటర్‌ను వెంట లాక్కుపోతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం చూసినవారికి ఆ ఉరుకు పరిచయమే. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. "పల్లం వచ్చేదాకా ఆగు బాబూ, అక్కడ చూద్దాం" అన్నాను. ఈ యంత్రంలో నన్ను నిజంగా ఆకట్టుకునేది అది వేగం అందుకునే తీరు కంటే, వేగం తగ్గించుకునే తీరు.

ఇందిరానగర్ మీదుగా అన్నపూర్ణ స్టూడియోస్ వైపు ఎక్కుతున్నంతసేపూ తెర మీద ఖర్చు సూచిక పైకే ఉంది. లెక్క సులువుగా ఉండటానికి మనుషులతో కలిపి బండి బరువు రెండు టన్నులనీ, ఎక్కిన ఎత్తు 60 మీటర్లనీ అనుకుందాం. ఆ బరువును ఆ ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 1.18 మెగాజౌళ్లు, అంటే యూనిట్‌లో మూడోవంతు. మోటారులో, ఇన్వర్టర్‌లో పోయేదాన్ని కలుపుకుంటే బ్యాటరీ నుంచి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. పెట్రోలు బండి కూడా ఈ శక్తిని పెట్టక తప్పదు. తేడా అంతా దిగేటప్పుడే.

ఫిల్మ్‌నగర్ వైపు పల్లంలో కాలు పెడల్ మీద నుంచి తీశాను. బండి వదిలేసినట్టు జారిపోలేదు. ఎవరో వెనక నుంచి మెత్తగా పట్టుకున్నట్టు ఒంటికి తెలిసింది. తెర మీద సూచిక సున్నా దాటి అవతలి వైపుకు, చార్జింగ్ వైపుకు వాలింది. బ్రేక్ పెడల్ నేను తాకనేలేదు. అయినా వేగం ఒక హద్దులో నిలిచింది.

జరిగిందేమిటంటే, అప్పటిదాకా మోటారు చక్రాలను తిప్పింది, ఇప్పుడు చక్రాలు మోటారును తిప్పుతున్నాయి. రోటర్‌లోని శాశ్వత అయస్కాంతాలు తీగచుట్టల ముందు నుంచి దూసుకుపోతుంటే ఆ చుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. ఇన్వర్టర్ తన స్విచ్చింగ్ వరుసను మార్చి ఆ విద్యుత్తును బ్యాటరీకి పంపుతుంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్, క్లుప్తంగా రీజెన్ అంటారు. పుట్టిన విద్యుత్తు తనను పుట్టించిన కదలికనే ఎదిరిస్తుందని 1834లో భౌతిక శాస్త్రవేత్త లెంజ్ చెప్పాడు. పల్లంలో నన్ను వెనక్కి పట్టి ఉంచిన బలం ఆ నియమమే. కాలేజీలో రాగి చుట్టా, అయస్కాంతం పెట్టి చూపించే సూత్రం రెండు టన్నుల బరువును కొండ వాలు మీద ఆపుతుంటే నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఎంత తిరిగొస్తుంది? 60 మీటర్ల పల్లాన్ని రెండు కిలోమీటర్ల దూరంలో, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగామనుకుందాం. కొండ ఇచ్చే 0.33 యూనిట్‌లో టైర్ల రాపిడికి 0.11, గాలి నిరోధానికి మరో 0.04 పోతుంది. ఈ రెండూ సమతలం మీద వెళ్లినా కట్టక తప్పని ఖర్చులే కాబట్టి వాటిని నష్టం అనకూడదు. మిగిలిన 0.18లో మార్పిడి నష్టాలు పోగా 0.15 యూనిట్ దాకా బ్యాటరీకి చేరుతుంది. అది బండిని దాదాపు మరో కిలోమీటరు నడుపుతుంది. పెట్రోలు బండిలో ఇదే శక్తి ఇంజన్ రాపిడిలో కొంత, బ్రేక్ డిస్కుల వేడిగా కొంత గాలిలో కలిసిపోతుంది. దాంతోపాటు అరిగిన బ్రేక్ ప్యాడ్ల పొడి కూడా కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ఇక్కడ కొండ మీద ఇల్లున్నవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున్నే నూటికి నూరు శాతంతో కిందికి బయల్దేరితే, నిండిన బ్యాటరీ కొత్త విద్యుత్తును తీసుకోదు. రీజెన్ బలహీనపడుతుంది, మామూలు బ్రేకులే పనిచేయాలి, కొండ ఇచ్చేది వృథా అవుతుంది. పైన కాపురముండేవారు మామూలు రోజుల్లో 85, 90 శాతం దగ్గర ఆపుకుంటే ఆ జాగాలో పొద్దుటి పల్లం జమ పడుతుంది. అయితే ఈ బండిలో ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లో వోల్టేజి చాలాదూరం మారకుండా ఒకే తీరున, 3.2 వోల్టుల చుట్టూ ఉంటుంది. దాన్నిబట్టి ఎంత చార్జి మిగిలిందో కనిపెట్టడం కష్టం. లెక్క సరిచూసుకోవడానికి అప్పుడప్పుడు పూర్తిగా నింపాలని తయారీదారులు చెప్పేది అందుకే. వారంలో ఎక్కువ రోజులు కొంచెం తక్కువగా నింపుకుని, ఒకసారి పూర్తిగా నింపితే రెండూ కుదురుతాయి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర మరో లెక్క చేసుకోవడానికి తీరిక దొరికింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న రెండు టన్నుల బండిలో 0.034 యూనిట్ గతిశక్తి ఉంటుంది. పదిసార్లు ఆగితే 0.34, అంటే ఇందాకటి కొండంత. అందులో సగానికి పైగా రీజెన్ తిరిగి ఇస్తుంది. ఆగి ఉన్నంతసేపూ మోటారుకు ఖర్చే లేదు, ఏసీకి మాత్రమే ఉంది. ఎండలో ఏసీ ఒకటిన్నర కిలోవాట్ తీసుకుంటే 20 నిమిషాల ట్రాఫిక్ జామ్‌లో అరయూనిట్ పోతుంది. ఏసీ వేసుకుని ఐడ్లింగ్‌లో ఉన్న పెట్రోలు ఇంజన్ గంటకు లీటరుకు కాస్త తక్కువ తాగుతుంది. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది కాబట్టి అదే 20 నిమిషాలకు రెండున్నర యూనిట్లకు పైగా ఖర్చు. అది ఒక్క అడుగు కదలకుండానే. నగరంలో విద్యుత్ వాహనం మైలేజీ దూరంతో పాటు సమయం మీద కూడా ఆధారపడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. వేసవిలో చెక్‌పోస్ట్ దాటడానికి పట్టే సేపు పెరిగితే రేంజ్ తగ్గుతుంది.

ఇక నిశ్శబ్దం. డబ్బింగ్ థియేటర్లూ, మిక్సింగ్ గదులూ ఇన్ని ఉన్న చోట ఈ మాట చెప్పుకోకుండా ఉండలేం. సౌండ్ ఇంజనీర్లు గదిలో ఎవరూ మాట్లాడనప్పటి రూమ్ టోన్‌ను కూడా విడిగా రికార్డు చేసుకుంటారు, ఎందుకంటే నిశ్శబ్దానికీ ఒక చప్పుడుంటుంది. ఇంజన్ మోత లేని బండిలో అదే జరుగుతుంది. ఇన్నాళ్లూ దాని చాటున ఉన్న టైర్ల గరగర, అద్దాల దగ్గర గాలి, ఏసీ ఫ్యాను ఒక్కొక్కటే వినిపించడం మొదలవుతుంది. గంటకు 30 కిలోమీటర్లు దాటాక ఏ కారులోనైనా టైర్ల చప్పుడుదే పైచేయి కాబట్టి, బయటివారికి తేడా తెలిసేది నెమ్మదిగా వెళ్లేటప్పుడే. అక్కడే ప్రమాదమూ ఉంది. కృష్ణానగర్ సందుల్లో తెల్లవారకముందే షూటింగులకు బయల్దేరే జూనియర్ ఆర్టిస్టులూ లైట్‌మెన్లూ రోడ్డు మీదే నడుస్తారు, వెనక బండి వస్తోందో లేదో చెవితోనే కనిపెడతారు. చూపులేని వారికైతే చెవే ఆధారం. యూరప్‌లో 2021 జూలై నుంచి కొత్త విద్యుత్ కార్లన్నీ గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో కృత్రిమంగా చప్పుడు చేయాలన్న నిబంధన అమల్లో ఉంది. మన సందులకు ఆ అవసరం వాళ్లకంటే ఎక్కువ. మహీంద్రా ఈ బండ్ల ధ్వనులను ఏ.ఆర్.రెహమాన్‌తో చేయించుకుంది. లోపల కూర్చున్నవారి చెవికి అంత శ్రద్ధ పెట్టినప్పుడు బయట నడిచేవారి చెవికీ అంతే శ్రద్ధ దక్కాలి.

ఇలాంటి చిన్న టెస్ట్ డ్రైవ్‌లో తెలియని వాటిలో మొదటిది హైవే వేగం. ఈ బండికి ప్రకటించిన రేంజ్ 656 కిలోమీటర్లు. మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్ష, ఏసీ వేయకుండా, ప్రయోగశాలలో రోలర్ల మీద ఇచ్చే అంకె అది. ఆ పరీక్షలో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లే. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి 120 దాకా అనుమతి ఉంది. గాలి నిరోధ బలం వేగం వర్గంతో పెరుగుతుంది, వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు. ఇంత ముఖభాగం ఉన్న ఎస్‌యూవీకి నేను వేసుకున్న స్థూల లెక్కలో, నిలకడగా 80లో వెళితే కిలోమీటరుకు 0.16 యూనిట్, 120లో వెళితే 0.26. అంటే 79 యూనిట్లు మొదటి తీరులో 490 కిలోమీటర్ల దాకా వస్తాయి, రెండో తీరులో 300తో సరి. సంక్రాంతికి విజయవాడ బయల్దేరేవారికి 270 కిలోమీటర్ల దారి. కాలు అదుపులో ఉంటే మధ్యలో చార్జింగ్ ఆలోచన లేకుండా వెళ్లిపోవచ్చు, లేకపోతే సూర్యాపేటలో టీతో పాటు చార్జర్ కూడా వెతుక్కోవాలి.

రెండోది ఎండ, అపార్ట్‌మెంటు సెల్లారు. వేసవిలో 42 డిగ్రీల వేడిలో బ్యాటరీ లోపలి అవాంఛిత రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. స్థూలంగా పది డిగ్రీలకు రెట్టింపవుతాయంటారు. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు అందుకే. ఈ బండిలో వాడిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనానికి మనం కొంత గర్వపడే చరిత్ర ఉంది. టెక్సాస్‌లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేసిన భారతీయులు అక్షయ పాఢి, నంజుండస్వామి 1997లో ఆయనతో కలిసి దాన్ని లోకానికి తెలియజేశారు. ఆ స్ఫటికంలో ఆక్సిజన్ పరమాణువులను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేడెక్కినా అవి తేలిగ్గా ఊడిరావు, మంటకు ఊతమిచ్చే ఆక్సిజన్ లోపలి నుంచి అంత సులువుగా అందదు. నికెల్, కోబాల్ట్ రకాల కంటే ఇది నిదానమైనది. ఒకే బరువులో నిల్వ మాత్రం తక్కువ, కాబట్టి అదే నిల్వకు బరువెక్కువ.

అంతమాత్రాన నిర్లక్ష్యం కూడదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి 8 మంది ప్రాణాలు పోయాయి. బ్యాటరీల భద్రతా ప్రమాణాలను అదే ఏడాది డిసెంబర్ నుంచి దేశమంతటా కట్టుదిట్టం చేశారు. ఇప్పుడు బాధ్యత మన సెల్లార్ల మీద ఉంది. చార్జర్‌కు మీటరు నుంచి విడిగా వచ్చే కేబుల్, దానికి తగిన బ్రేకరు, ఎర్త్ లీకేజీని పట్టుకునే పరికరం, గట్టి ఎర్తింగ్ ఉండాలి. వాచ్‌మన్ గది ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి రాత్రంతా పదిహేను ఆంపియర్ల కరెంటు పంపడం నేను చూశాను. వైరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ దృశ్యం ఏ కాలనీలోనూ కనబడకూడదు. 7.2 కిలోవాట్ల చార్జర్‌తో ఈ పెద్ద బ్యాటరీ నిండటానికి 11, 12 గంటలు పడుతుంది. అన్ని గంటలు ఆగకుండా ప్రవహించే భారానికి తగ్గ వైరింగ్ పాత అపార్ట్‌మెంట్లలో అరుదు. కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను సెల్లారులోకి తీసుకెళ్లి చూపించాలి, టెస్ట్ డ్రైవ్ ఆ తరువాత చేసినా పరవాలేదు.

మూడోది బొగ్గు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ తయారైతే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళుతుంది. ప్లగ్గు దగ్గర కిలోమీటరుకు 0.2 యూనిట్ అనుకుంటే, తీగల్లో పోయేది కలుపుకుని విద్యుత్ కేంద్రం దగ్గర 0.23 అవుతుంది. అంటే కిలోమీటరుకు 0.16 కిలోలు. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే డీజిల్ ఎస్‌యూవీ పొగగొట్టం నుంచి 0.22 కిలోలు వస్తాయి, ముడిచమురు తోడి శుద్ధిచేసే ఖర్చు కూడా వేస్తే 0.27. కిలోమీటరుకు ఆదా 0.11 కిలోలు. ఇది చిన్నదేం కాదు. కానీ బ్యాటరీ తయారీలో యూనిట్ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోల దాకా వెలువడుతుందని అంచనాలున్నాయి. 70 అనుకున్నా 79 యూనిట్లకు ఐదున్నర టన్నులు. ఆ బాకీ తీరడానికి బండి సుమారు 50,000 కిలోమీటర్లు తిరగాలి. శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్‌కూ తిరిగి ఇంటికీ తిరుగుతూ ఏడాదికి 10,000 కిలోమీటర్లు నడిపేవారికి ఐదేళ్లు. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లే. ఈ దారికి అది సరిపోతుంది, బాకీ కూడా అందులో సగంకంటే తక్కువ. ఒక్క మనిషిని కొద్ది కిలోమీటర్లు తీసుకెళ్లడానికి రెండు టన్నులు కదిలించడం నా మనసుకు ఒప్పలేదు. రీజెన్ ఎంత తిరిగి ఇచ్చినా, ఆ బరువుతో మొదట ఎక్కిన ఖర్చు పూర్తిగా వెనక్కి రాదు. పెద్ద కుటుంబం, తరచూ ఊళ్లకు ప్రయాణాలు, ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు ఉన్నవారికి ఈ బండి న్యాయం చేస్తుంది.

యూనిట్‌కు 0.7 అన్నది మొత్తం రోజుకు సగటు. మిట్టమధ్యాహ్నం సోలార్ విద్యుత్తు ఎక్కువ, రాత్రికి మిగిలేది ఎక్కువగా బొగ్గు. ఇళ్లలో మనం చార్జింగ్ పెట్టేది రాత్రిళ్లు. సినిమా పరిశ్రమ పనిదినం దీనికి విరుగుడు చూపగలదు. కాల్షీట్ ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. అన్ని గంటలూ నటీనటుల, సాంకేతిక నిపుణుల కార్లు స్టూడియో ఆవరణలో ఎండలో నిలబడే ఉంటాయి. వాటికి వేగంగా నింపే ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. 3.3 కిలోవాట్ల మామూలు ప్లగ్గు ఏడు గంటల్లో 20 యూనిట్లకు పైగా ఇస్తుంది, అది నగరంలో 100 కిలోమీటర్లకు మించి వస్తుంది. నూరడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పున్న ఒక షూటింగ్ ఫ్లోర్ పైకప్పు మీద 55 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పడతాయి. హైదరాబాద్ ఎండకు కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున 220 యూనిట్లు, పదకొండు కార్లకు తలా ఇరవై. పాత షెడ్ల ట్రస్సులు ఆ బరువునూ వర్షాకాలపు గాలి ఊపునూ తట్టుకుంటాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు ముందుగా చూడాలి, పార్కింగ్ దాకా కేబుల్ భూమిలోంచి లాగాలి, ఎవరి కారుకు ఎన్ని యూనిట్లో తేల్చే సబ్‌మీటర్లు పెట్టాలి.